బూట్లు ఎండబెట్టకండి, ఆరబెట్టండి

నవంబరు సగం దాటిందంటే చికాగోలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ వున్న మన తెలుగు ఇళ్లకు ఒక కొత్త వాసన వచ్చి చేరుతుంది. వీధి తలుపు తీయగానే, లోపలినుంచి వచ్చే పోపు వాసనకంటే ముందుగా, గుమ్మం పక్కన గుట్టగా పడివున్న తడి బూట్ల వాసన పలకరిస్తుంది. మార్చి నెలాఖరు దాకా అదీ మన ఇంటి మనిషే.

కోట్ల గురించి మనం చాలానే మాట్లాడుకుంటాం. ఏ కొట్లో ఎంత తగ్గింపు ఇచ్చారో, ఎవరి కోటు ఎంత చలికి ఆగుతుందో మనవాళ్లకు కంఠతా వచ్చు. కానీ కోటు తడిసేది తక్కువ. తడిసినా తొందరగా ఆరుతుంది. రోజూ తడిసేవి బూట్లు, గ్లోవ్స్. వాటిని గుమ్మంలో విడిచి, "తెల్లారేసరికి అవే ఆరతాయిలే" అనుకుని లోపలికి పోతాం. తెల్లారేసరికి అవి ఆరవు. ఆరని బూట్లలోనే కాళ్లు దూర్చి బస్సుకు పరుగెడతాం. ఆరని మిట్టెన్లే తొడిగి పిల్లలను బడికి పంపుతాం. లేదా హడావుడిగా హీటరు మీద పెట్టి, తోలు పగలగొట్టి, కొండొకచో ఇంటికి నిప్పు తెచ్చుకుంటాం.

బూట్లు ఆరబెట్టుకోవడం గురించి వ్యాసమా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కాలివేళ్లు వున్న ప్రతివారికీ పనికివచ్చే విషయమని మా నమ్మకం.

తడి ఎందుకంత చెడ్డది?

చలికాలపు బూటు మన పాదానికి వేడి ఇవ్వదు. పాదం తనంతట తాను పుట్టించుకున్న వేడిని బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. ఆ పని చేసేది నిజానికి తోలూ కాదు, రబ్బరూ కాదు; లోపలి ఉన్నిలోనూ, ఫెల్టులోనూ, దూదిలాంటి పొరల్లోనూ చిక్కుకున్న గాలి. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. ఆ గాలి వుండవలసిన సందుల్లో నీళ్లు చేరితే కథ మారిపోతుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది. తడి పాదం పొడి పాదంకంటే 25 రెట్లు వేగంగా వేడిని కోల్పోతుందని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం (సి.డి.సి.) వారు హెచ్చరిస్తూ వుంటారు. అంటే రెండువందల డాలర్లు పోసి కొన్న బూటయినా, లోపల తడిసివుంటే దాని విలువ గుమ్మంలోనే ఆగిపోయినట్టు.

ఇది గడ్డకట్టే చలికి మాత్రమే సంబంధించిన మాట కాదు. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధంలో, కందకాల్లో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడిన సైనికుల పాదాలు ఉబ్బి, తిమ్మిరెక్కి, కుళ్లిపోయాయి. 1914-15 చలికాలంలో ఫ్రాన్సులో పోరాడిన మన భారత సైనికులు కూడా ఆ కందకాల్లోనే గడిపారు. ఆ జబ్బుకు 'ట్రెంచ్ ఫుట్' అని, అంటే కందకపు పాదం అని, పేరు వచ్చింది. దానికి మంచు గడ్డకట్టనక్కరలేదు. పాదాలు అదేపనిగా తడిగా వుంటే 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కూడా రాగలదు. ఆనాటి సైన్యాధికారులు కనిపెట్టిన మందు చాలా సాదా అయినది: రోజూ బూట్లు విప్పించడం, పాదాలు తుడిపించడం, పొడి మేజోళ్లు తొడిగించడం.

గడ్డకట్టే చలి అయితే ఇక చెప్పనవసరం లేదు. 1985 జనవరి 20న చికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు 27 డిగ్రీలు దిగువకు పోయింది. 2019 జనవరి 30న సున్నాకు 23 దిగువ. అలాంటి రోజున తడి గ్లోవ్స్‌తో బస్సుకోసం నిలబడితే వేళ్లు నిజంగానే గడ్డకడతాయి. దాన్నే ఫ్రాస్ట్‌బైట్ అంటారు. ఇక్కడ మనవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ జబ్బు గురించి రాసే కరపత్రాల్లో చర్మం ఎర్రబడుతుంది, తర్వాత తెల్లబడుతుంది అని వుంటుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ రంగుల మార్పు అంత తేలికగా కనబడదు. అందుచేత రంగుకోసం చూడకండి. వేళ్లకు స్పర్శ తెలియకపోవడం, ముట్టుకుంటే చర్మం మైనంలా, గట్టిగా తగలడం - ఇవి గుర్తులు.

మన భాషలో రెండు మాటలున్నాయి

తడిని పోగొట్టడానికి ఇంగ్లీషులో ఒక్కటే మాట సరిపెట్టుకుంటారు. మనకు రెండున్నాయి: ఎండబెట్టడం, ఆరబెట్టడం. మన అమ్మలూ అమ్మమ్మలూ ఈ రెండింటినీ ఏనాడూ కలగలపలేదు. మిరపకాయలు ఎండబెడతారు. వడియాలు, మామిడి ఒరుగులు ఎండబెడతారు. కానీ కరివేపాకు పొడి కొట్టాలంటే ఆకును కడిగి, నీడన ఆరబెడతారు. తలంటు పోసుకున్న జుట్టు ఆరబెట్టుకుంటారు. ఎండబెట్టడానికి కావలసింది వేడి. ఆరబెట్టడానికి కావలసింది గాలి.

తోలు విషయంలో కూడా మన ఊళ్లకు ఈ జ్ఞానం వుండేది. కిర్రు చెప్పులు వానలో నానితే వాటిని ఎండలో పడేయరు. నీడన ఆరనిచ్చి ఆముదం రాస్తారు. ఎండలో పెడితే తోలు అప్పడంలా బిగుసుకుపోతుందని చెప్పులు తొడుక్కునే ప్రతివారికీ తెలుసు. ఆ తెలిసినవారమే ఇక్కడికి వచ్చి, ఖరీదైన తోలుబూటును తీసుకువెళ్లి రేడియేటరు నెత్తిన పెడుతున్నాం.

వేడి ఒక్కటే చాలదు అనడానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఇంకో సాక్ష్యం చెప్పనక్కరలేదు. వర్జీనియా పొగాకు కాల్చే బ్యారన్‌కు గొట్టాల్లో వేడి ఎంత వున్నా, కింద గాలి లోపలికి రావడానికి, పైన తేమ బయటికి పోవడానికి కిటికీలు వుండవలసిందే. అవి మూసేస్తే ఆకు ఆరే బదులు ఉడుకుతుంది. మన బూటుకు వున్నది ఒక్కటే కిటికీ. అదీ పైన. కాలివేళ్లుండే ముందుభాగం మూసుకుపోయిన సందు. బూటు కష్టమంతా అక్కడే వుంది.

ఒక చిన్న లెక్క

70 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం వున్న గదిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 18 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. గదిలో తేమ 30 శాతం వుందనుకుంటే అందులో అయిదున్నర గ్రాములు అప్పటికే వున్నాయి. ఇంకా సుమారు పన్నెండున్నర గ్రాములకు చోటుంది. బూటు లోపల పట్టే గాలి రెండు లీటర్లనుకోండి. ఆ రెండు లీటర్లూ తాగగలిగే తడి ఒక గ్రాములో నలభయ్యో వంతు. బూటులో 100 గ్రాముల నీళ్లు వుంటే, అంటే చిన్న కాఫీ గ్లాసెడు, లోపలి గాలి దాదాపు 4,000 సార్లు మారాలి.

ఈ లెక్క చూశాక రెండు విషయాలు అర్థమవుతాయి. గుమ్మం పక్కన చల్లటి పలకల మీద, జిప్పు బిగించివున్న బూటు తెల్లారేసరికి ఎందుకు ఆరలేదో మొదటిది. దాని కడుపులోని గాలి కదలలేదు, అదీ కారణం. ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెద్ద హీటరుకంటే ఎందుకు మేలో రెండవది.

ఇందులో మనకు కలిసివచ్చే సంగతి కూడా ఒకటుంది. విశాఖపట్నంలో శ్రావణమాసంలో ఉతికిన బట్టలు రెండురోజులైనా ఆరవు. గాలికే దాహం వుండదు మరి. ఇక్కడి చలికాలపు ఇల్లు అందుకు సరిగ్గా వ్యతిరేకం. బయట 14 డిగ్రీలున్న గాలి ఘనపు మీటరుకు రెండు గ్రాముల పైచిలుకు ఆవిరిని మాత్రమే మోస్తుంది. అదే గాలి ఇంట్లోకి వచ్చి 70 డిగ్రీలకు వెచ్చబడేసరికి అందులో తేమ 13 శాతానికి పడిపోతుంది. మన పెదవులు పగిలేదీ, పిల్లల ముక్కుల్లోంచి రక్తం వచ్చేదీ ఆ పొడిగాలి వల్లనే. ఎలాగూ తేమకోసం ఆవురావురుమంటున్న ఆ గాలిని బూట్లలోకి పంపితే చాలు. పనీ జరుగుతుంది, గాలికీ కాస్త తేమ దొరుకుతుంది.

రాత్రి చేయవలసిన పని

పని ఇంటి బయటే మొదలవుతుంది. మంచు, మంచుగా వున్నంతసేపూ దులిపితే రాలిపోతుంది. లోపలికి వచ్చి కరిగిందంటే కుట్లలోకి దిగుతుంది. వరండాలో నిలబడి రెండు బూట్లనూ ఒకదానికొకటి కొట్టి, పాత చీపురుతో ఒక్కసారి ఊడ్చి లోపలికి రండి.

లోపలికి రాగానే తాళ్లు పూర్తిగా వదులుచేసి, నాలుక పైకెత్తి, నోరు బాగా తెరవండి. లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్, వూడివచ్చేదయితే తీసేయండి. లోపల ఫెల్టు లైనరు వుంటే దాన్నీ బయటికి లాగండి. విడివిడిగా ఆరితే మూడోవంతు సమయంలో ఆరేవి కలిసి వుంటే రెండురోజులైనా ఆరవు. ఇన్‌సోళ్లను జల్లెడలోనో, చేటలోనో పరిస్తే కిందా మీదా గాలి తగులుతుంది. (పిండి జల్లించే జల్లెడ కాదని విడిగా చెప్పనక్కరలేదు.)

తర్వాత అద్దడం. ఆవిరిగా పోవలసిన నీళ్లలో ఎంత భాగాన్ని గుడ్డకు ఇవ్వగలిగితే అంత లాభం. దీనికి పాత నూలు పంచెను మించినది లేదు. నాలుగు మడతలు వేసి బూటులోకి దోపి, చేత్తో గట్టిగా అదమండి. లైనరును పంచెలో చుట్టి మీద నిలబడండి. పిండవద్దు, పిండితే ఫెల్టు ఆకారం చెడుతుంది.

ఆ పైన న్యూస్ పేపరు. మామూలు పేపరే, నున్నగా మెరిసే ప్రకటనల కాగితాలు నీళ్లు పీల్చవు. ఉండలు చుట్టి, ముందు వేళ్ల భాగంలోకి, తర్వాత మడమవైపు కూరండి. అరగంటకు తీసి చూస్తే తడిసి ముద్దయి వుంటాయి. వాటిని పారేసి కొత్తవి పెట్టండి. రెండుమూడు సార్లు అయాక, కాగితం తడవడం తగ్గాక, పూర్తిగా తీసేయండి. చాలామంది కాగితాలు కూరి నిద్రపోతారు. తడిసిన కాగితం తెల్లవార్లూ లోపలే వుంటే అది బూటుకు బిరడా వేసినట్టే. లోపలి గుడ్డ లేతరంగుదయితే పేపరు సిరా అంటుతుంది గనుక, పేపరు ఉండ మీద ఒక కాగితపు తువాలు చుట్టండి. పేపరు తెప్పించుకోవడం మానేసినవారికి వారం వారం తలుపుకు తగిలించిపోయే ఉచిత పత్రికలు వున్నాయి.

చివరిది గాలి. కేకు చల్లార్చే ఇనుప జాలీ మీద బూట్లను పక్కకు వాల్చి, నోళ్లు ఒకే దిక్కుకు పెట్టి, రెండడుగుల దూరంలో చిన్న ఫ్యాను తక్కువ వేగంలో తిప్పి వదిలేయండి. వేడిగాలి ఫర్నేసు వున్న ఇళ్లలో నేలమీది జాలీకి ఒక అడుగు పక్కగా పెట్టవచ్చు. జాలీ మీదే పెట్టి మూసేయకూడదు. అమ్మకానికి దొరికే కరెంటు బూట్ డ్రయర్లు చేసేదీ ఇదే పని. రెండు గొట్టాలు బూట్లలోకి పోయి, గోరువెచ్చని గాలిని నెమ్మదిగా వేళ్లవరకు చేరుస్తాయి. ముగ్గురు పిల్లలున్న ఇంటికి అది దండగ ఖర్చు కాదని మా అభిప్రాయం.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చెయ్యి పెట్టి చూస్తే చల్లదనానికీ తడికీ తేడా తెలియదు. పొడి కాగితపు రుమాలును వేళ్ల భాగంలో పావుగంట వుంచి తీయండి. మెత్తబడితే ఇంకా ఆరలేదన్నమాట. లైనర్లకు ఇంకో మంచి ఉపాయం తూకం. బాగా ఆరివున్న రోజున ఒకసారి తూచి, ఆ అంకెను లోపలి అంచు మీద సిరాతో రాసిపెట్టుకోండి. ఆ అంకెకు దగ్గరకు వస్తే ఆరినట్టు.

ఏ బూటుకు ఏ పద్ధతి

పూర్తి తోలుబూట్లకు తొందర పనికిరాదు. రెండు రాత్రులు పట్టినా గది వెచ్చదనంలోనే ఆరనివ్వాలి. కాస్త చెమ్మ మిగిలివుండగానే తోలుకు రాసే నూనెగానీ, మైనంగానీ పట్టించాలి. వేడికి పెట్టిన తడి తోలు కుంచించుకుపోయి, అడుగునుంచి వూడివస్తుంది.

కింద రబ్బరు, పైన తోలు వున్న బూట్లు ఈ దేశంలో చాలామందికి ఇష్టం. వీటిని 1911లో మెయిన్ రాష్ట్రంలో ఎల్. ఎల్. బీన్ అనే ఆయన, వేటకు పోయినప్పుడు కాళ్లు తడుస్తున్నాయని విసుగెత్తి కుట్టించాడు. మొదట అమ్మిన 100 జతల్లో 90 తిరిగి వచ్చాయి. రబ్బరూ తోలూ కలిసే కుట్టు దగ్గర విడిపోయాయి. ఆయన అందరికీ డబ్బు తిరిగి ఇచ్చి, లోపం సరిచేసుకుని మళ్లీ అమ్మాడు. కుట్టు ఇప్పుడు గట్టిదే, కానీ రెండు రకాల వస్తువులు కలిసేచోటు ఎప్పుడూ బలహీనమే. వేడికి తోలు ముడుచుకుంటుంది, రబ్బరు ముడుచుకోదు. ఆ లాగులాటలో పోయేది కుట్టు. అతుకుబంక వాడిన బూట్లయితే వేడికి బంకే మెత్తబడుతుంది.

లోపల ఫెల్టు లైనరుండే మంచు బూట్లకు మేము చెప్పేది ఒక్కటే. రెండో జత బూట్లు కొననక్కరలేదు. రెండో జత లైనర్లు కొనండి. ఒకటి కాలికి, ఒకటి జాలీ మీద. ఖర్చు చాలా తక్కువ. ఉన్ని ఫెల్టును బట్టలు ఆరబెట్టే డ్రయరులో వేస్తే మాత్రం పిల్లవాడి సైజుకు దిగిపోతుంది.

పైనుంచి మంచు పడకపోయినా బూటు లోపల తడుస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. అది చెమట. మన శరీరంలో చెమట గ్రంథులు బాగా గుమిగూడిన చోట్లలో అరికాళ్లు ఒకటి. రబ్బరు బూటులోంచి అది బయటికి పోలేదు. అందుకని ఆఫీసుకు చేరగానే బూట్లు మార్చుకోవడం మంచి అలవాటు. నూలు మేజోళ్లు మన ఊరి ఎండకు బాగుంటాయిగానీ ఇక్కడ తడిని పట్టుకుని కూర్చుంటాయి. ఉన్ని మేజోళ్లు తమ బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చి కూడా వెచ్చగా వుంచుతాయి.

గ్లోవ్స్, మిట్టెన్లు

గ్లోవ్స్‌కు అయిదు మూసుకుపోయిన సందులు. బోర్లించి, నోరు కిందకు, వేళ్లు పైకి వుండేటట్టు నిలబెట్టాలి. క్లిప్పు పెట్టి వేళ్లు కిందకు వేలాడదీస్తే నీళ్లన్నీ వేళ్ల చివరకు దిగి అక్కడే వుంటాయి. పొడుగు సీసాలు, చెక్క గరిటెలు ఇందుకు పనికివస్తాయి. మిట్టెన్లకయితే మన పాత కవ్వాన్ని మించిన సాధనం ఈ దేశంలో ఏ కొట్లోనూ దొరకదు. బరువైన జాడీలో కవ్వాన్ని తల పైకి వుండేటట్టు నిలబెట్టి మిట్టెను తొడగండి. దాని పళ్లు లోపలి గుడ్డను అన్నివైపులా దూరంగా పట్టుకుంటాయి, కిందనుంచి గాలి ఎక్కుతుంది. మజ్జిగ మిక్సీలో చేసుకునే ఈ రోజుల్లో కవ్వానికి ఇది పునర్జన్మ.

1976లో గోర్‌టెక్స్ బట్ట, 1979లో థిన్సులేట్ అనే పలుచటి దూది బజారుకు వచ్చాక గ్లోవ్స్ తేలికయ్యాయి. కానీ పొరలు పెరిగాయి. తడిచేతిని లాగినప్పుడు లోపలి పొర వేళ్లతోపాటు బయటికి వచ్చేసి, మళ్లీ లోపలికి పోక మొరాయిస్తుంది. చేతిని విదిలించి లాగకుండా, ఒక్కొక్క వేలి చివరా పట్టుకుని వదులుచేసి తీయండి. ఉన్ని గ్లోవ్స్‌ను పంచెలో అద్ది, పరిచి ఆరబెట్టాలి. తోలు గ్లోవ్స్ సగం ఆరాక ఒకసారి చేతికి తొడిగి పిడికిలి పట్టి తీస్తే బిగుసుకుపోవు.

పిల్లలకు రెండు జతలు తప్పదు. మంచు పడ్డ రోజు ఆటవిడుపుకు వెళ్లిన పిల్లవాడు మంచుముద్దలు చేయకుండా వుంటాడా? మధ్యాహ్నం అదే తడి మిట్టెన్లతో బస్సు ఎక్కుతాడు. బడిసంచిలో ఒక పొడి జత, తడివి వేసుకోవడానికి ఒక సంచీ పెట్టండి. రెండు మిట్టెన్లకూ తాడు కట్టి కోటు చేతులగుండా దూర్చడం ఇక్కడి పాత పద్ధతి. మొలతాడు కట్టడం తెలిసిన మనకు ఆ తాడు కట్టడం కష్టం కాదు.

ఉప్పు సంగతి

బూటు ఆరాక మీద తెల్లటి అలల్లాంటి చారలు తేలతాయి. అది రోడ్లమీద చల్లే ఉప్పు. పక్కనే వున్న డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని వుంది. రోడ్ల ఉప్పు అలాంటి గనులనుంచి వస్తుంది. చలి మరీ ఎక్కువైనప్పుడు మామూలు ఉప్పు పనిచేయక కాల్షియం క్లోరైడు కూడా వాడతారు. దీనికి గాలిలోని తేమను పీల్చి తానే నీరయ్యే గుణం వుంది. మన కల్లుప్పు జాడీ వానాకాలంలో చెమ్మగిల్లడం చూసినవారికి ఇది కొత్త కాదు. ఉప్పు పట్టిన బూటు ఎంత ఆరబెట్టినా చెమ్మగా తగలడానికి ఇది ఒక కారణం. ఉప్పు తోలులోని నూనెను కూడా చెడగొడుతుంది.

కనుక ఆరబెట్టేముందే తడిగుడ్డతో తుడవండి. చార మిగిలితే ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి, గుడ్డ ముంచి తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవండి. కుట్ల వెంట పాత పళ్లకుంచె నడపండి.

చేయకూడనివి

పాత చికాగో అపార్టుమెంట్లలో ఆవిరి రేడియేటర్లు వుంటాయి. అందులో తిరిగే ఆవిరి 212 డిగ్రీల దగ్గర వుంటుంది. దానిమీద బూట్లు పెట్టడమంటే పెనం మీద పెట్టడమే. కరెంటు హీటరు అయితే ఇంకా ప్రమాదం. కాలగల ఏ వస్తువునైనా హీటరుకు 3 అడుగుల దూరంలో వుంచమని జాతీయ అగ్నిప్రమాద నివారణ సంస్థ (ఎన్.ఎఫ్.పి.ఎ.) వారి నియమం. గ్లోవ్స్‌ను హీటరు మీద వేసి నిద్రపోవడం, పొయ్యి మీద నిప్పు వదిలి ఊరికి పోవడంలాంటిది.

గ్యాసు ఓవెను తలుపు తెరిచి దాని ముందు బూట్లు పేర్చేవారున్నారు. నిప్పు భయం ఒకటయితే, కార్బన్ మోనాక్సైడు భయం రెండవది. దానికి రంగూ వాసనా లేవు. తెలిసేలోగా ప్రాణం పోతుంది. మైక్రోవేవులో పెట్టడం అసలే కూడదు. బూటులో ఇనుప ముక్కలుంటాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయరును చల్లగాలి మీద, చేత్తో పట్టుకుని కాసేపు వాడవచ్చు. బూటులో దోపి వదిలేయవద్దు. బూట్లను బియ్యం సంచిలో పాతిపెట్టమని సలహా ఇచ్చేవారూ వున్నారు. బియ్యం పీల్చేది స్వల్పం, పాడయేది బియ్యం.

గరాజులోనో, కారు డిక్కీలోనో రాత్రంతా వదిలేస్తే బూట్లు ఆరవు, గడ్డకడతాయి. తడిని ఒకటి రెండు రోజులు అలాగే వుంచితే బూజు మొదలవుతుంది. వేళ్ల మధ్య పాచి పట్టడం, దురద, ఆ మొదట చెప్పిన వాసన అన్నీ దానివెంట వస్తాయి.

కొత్తగా వచ్చినవారు, ఊరినుంచి వచ్చిన పెద్దలు

ఆగస్టులో విమానం దిగే విద్యార్థులకు చలికాలం అంటే పుస్తకంలోని మాట. గుడ్డబూట్లతో నవంబరు దాటిస్తారు. తర్వాత ఒక్క జత కొని అదే రోజూ తొడుగుతారు. వారికి మనం చెప్పవలసింది: ఒక్క జతే అయినా ఫరవాలేదు, రెండు జతల ఇన్‌సోళ్లు, నాలుగు జతల ఉన్ని మేజోళ్లు, ఒక చిన్న ఫ్యాను వుంచుకోండి. ఒకే గదిలో నలుగురుంటే రాత్రి ఫ్యాను ముందు నాలుగు జతలూ వరసగా పెట్టుకోవచ్చు.

మన తల్లిదండ్రుల విషయం ఇంకా జాగ్రత్త. చక్కెర వ్యాధి వున్నవారిలో చాలామందికి పాదాల స్పర్శ తగ్గివుంటుంది. మేజోడు తడిసిందని వారికి తెలియదు. చల్లబడ్డ కాళ్లను రేడియేటరుకు ఆనిస్తే కాలిందనీ తెలియదు. వారు నడకనుంచి రాగానే మేజోళ్లు మనమే విప్పి, పాదాలు, వేళ్ల సందులు తుడిచి చూడాలి. ఎవరికైనా వేళ్లు మొద్దుబారి గట్టిపడితే రుద్దకండి, మంచు రాయకండి, మంటకు చూపకండి. గోరువెచ్చని నీళ్లలో వుంచి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.

పదిమంది చేరినచోట

ఇది మనకే ప్రత్యేకమైన చిక్కు. ఇక్కడివారు పార్టీకి వెళితే బూట్లతోనే లోపలికి పోతారు. మనం గుమ్మంలో విడుస్తాం. ధనుర్మాసం సరిగ్గా డిసెంబరు సగంనుంచి జనవరి సగం దాకా. ముక్కోటి, సంక్రాంతి, అన్నీ గడ్డకట్టే రోజుల్లోనే. ఏ గుడికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గర నలభై యాభై జతలు. వాటినుంచి కరిగిన నీళ్లలో మేజోళ్లతో అడుగువేసి తడుపుకోనివారు లేరు. ఆ తడి మేజోళ్లనే తిరిగి బూట్లలోకి దూర్చి రాత్రి పదకొండింటికి కారుదాకా నడవాలి.

దీనికి కష్టమైన ఉపాయాలేమీ అక్కరలేదు. వెళ్లేవారు ఒక పొడి మేజోళ్ల జత సంచిలో వేసుకోవాలి. పిలిచేవారు గుమ్మంలో అంచులున్న ప్లాస్టిక్ పళ్లేలు, పాత దుప్పట్లు పరిచి, బూట్లు విప్పే చోటు వేరుగా, అడుగు పెట్టే చోటు వేరుగా వుంచాలి. పెద్దలు కూర్చుని విప్పుకోవడానికి ఒక స్టూలు వేయాలి. భోజనాలు జరిగే రెండుగంటలూ ఒక ఫ్యాను ఆ బూట్లవైపు తిరుగుతూ వుంటే, వెళ్లేటప్పుడు అతిథులు మీ పులిహోరతోపాటు దాన్నీ మెచ్చుకుంటారు.

ఇంకొక్క విన్నపం. పిల్లలకు పొట్టివైపోయిన బూట్లు ప్రతి ఇంటి అటకమీదా వుంటాయి. వాటిని అట్టపెట్టెలో మూసేముందు లైనర్లు తీసి, ఉప్పు తుడిచి, రెండురోజులు పూర్తిగా ఆరనిచ్చి, సైజు రాసి మన సంఘం సమావేశానికి తీసుకురండి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు అందజేద్దాం. బూట్లు ఆరబెట్టడంలో మీకు తెలిసిన వేరే ఉపాయం వుంటే నాలుగు పంక్తులు రాసి పంపండి. చలి తగ్గేలోగా వచ్చే సంచికలో వేస్తాం.